మన్ను నిలుపు వేళ్లు
(జహీరాబాదు సేవకుల సభలో చేసిన ఉపన్యాసము)



సముద్రతీరమున రావణాసురుని మీసాలను గడ్డి గలదు. అది గాలి వడిని తగ్గించి, ఎగిరివచ్చు ఇసుకను తనచుట్టు నిలుపును. ఇసుకలో పూడినకొలది క్రొత్తవేళ్లు విడిచి దిబ్బను బిగించును. గడ్డి పోయినచో దిబ్బ కదలును. దిబ్బ కదలినచో ఊరు ఉప్పెనవాత బడును. అందుచేతనే పెక్కుదేశముల సేవకులు తీరములందు గడ్డి నాటుచున్నారు.

సముద్రమెఱుగని జహీరాబాదునకు దీనితో పనియేమి? అచ్చట గాలి ఇసుకను గొనిపోవును. ఇచ్చట వానధార మన యెఱ్ఱమట్టిని గొనిపోవును. రెంటికిని మందొక్కటే. 1983లో స్థాపితమై, పస్తాపూరు కేంద్రముగా వెలసిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన నిరుపేద స్త్రీలు, వారిలో పెక్కుమంది దళితులు, బీడువడిన చేలకు గట్లు వేసి, జొన్న, కొఱ్ఱ, కంది కలిపి విత్తి, నేలను మరల పంటకు తెచ్చిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఆ సంఘములకు లభించెను.

న్యాయవాదవృత్తిలో మేము గట్టు తగవు లెన్నో చూచితిమి. గట్టెవరిదని వాదించువారు పెక్కురు. గట్టున గడ్డి మొలపించువారు అరుదు. పట్టా హక్కును కాపాడును గాని మన్నును కాపాడజాలదు. ఒక్కనాడు నాటి ఫొటో దిగుట సేవగాదు. వేరూనువఱకు పశువులబారి పడకుండ కాచుటయే సేవ. ఈ తొలకరికి ప్రతి సేవకుడును ఒక గట్టును చేపట్టి, మూడేండ్లు విడువక కాపాడవలెనని మా మనవి.