ఊరి పేరు, ఊరి నీరు



గిద్దలూరునుండి పోరుమామిళ్లకు బోవు దారిలో కొమరోలు కలదు. రైలు గిద్దలూరున ఆగును, కంభమున ఆగును. కొమరోలునకు మాత్రము బస్సుమీదనే రావలయును. ఇట్టి యూరికి నలుగురు వచ్చి చూచిపోవుటకును, పొట్టకూటికై విడిచిపోయినవారు మరల వచ్చి కాపురముండుటకును ఏమి చేయవలయునన్నది నేటి ప్రసంగవిషయము.

ఈ మాట వచ్చినప్పుడెల్ల, ఏ యూరనైనను, మొదట మూడు సలహాలు వినవచ్చును. ఊరిమొదట తోరణము కట్టుదమందురు. రాత్రివేళ దీపములతో మెరయు పెద్ద అక్షరముల పలక నిలుపుదమందురు. అదియు చాలదేని, పేరే మార్చుదమందురు. మూడింటికిని డబ్బు కావలయును. మూడింటివలనను చెరువులోనికి చుక్క నీరు రాదు.

కొమరోలునకు ఉత్తరమున కంభముచెరువు, దక్షిణమున పోరుమామిళ్లచెరువు ఉన్నవి. నీటిపారుదలకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము 2020వ సంవత్సరమున ఈ రెండు చెరువులను ప్రపంచ వారసత్వ నిర్మాణములుగా గుర్తించినది. రెండు కొండల నడిమి కనుమకు అడ్డముగా కట్టవేసి, గుండ్లకమ్మను నిలిపినది కంభముచెరువు. శ్రీకృష్ణదేవరాయల దేవేరియగు వరదరాజమ్మ దానిని కట్టించెనని ప్రతీతి. లోకము మెచ్చిన రెండు చెరువుల నడుమ దారిలోనున్న యూరు మరొకటి చూపుట కష్టము. ఊరికి చెప్పుకొనదగిన చిరునామా ఇదివరకే యున్నది, క్రొత్తగా కల్పింపనక్కరలేదు.

అయితే ఆ చిరునామాను చెప్పుకొనుటకు మనకెంత హక్కు కలదో తెలియవలయునన్న పోరుమామిళ్ల శాసనమును చూడవలయును. అది శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఆ చెరువును త్రవ్వించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవని శాసనము లెక్క చెప్పుచున్నది. దానికంటెను విలువైన సంగతి మరొకటి అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు కావలయునని యందు వరుసగా చెక్కిరి. ధర్మపరుడు, ధనవంతుడు, శాశ్వతకీర్తిని గోరువాడునగు రాజు మొదటి యంగము. జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు రెండవది. ఆ పైవి గట్టిమన్ను నేల, తీయని నీటి నది, కొండ, రాతికట్ట, లోతైన గర్భము, రాతిగని, ఫలవంతమగు మడి, పనితెలిసిన జనము మొదలైనవి. ఇంతటితో నిలువక దోషములనుగూడ ఆరింటిని లెక్కించిరి: కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మున్నగునవి. సరిహద్దు చెరువునకు ఎవ్వరును మరమ్మతు చేయరని వారెరుగుదురు కాబోలు! మనకిప్పుడు రాజ్యములు లేవు గాని, ఇది మా శాఖది కాదు, మీ శాఖది యను సరిహద్దులు మిగిలియే యున్నవి.

గమనింపుడు. కీర్తికాంక్షను వారు తప్పనలేదు. దానికి మొదటి స్థానమే యిచ్చిరి. కాని పండ్రెండింట అది ఒక్కటి. మనము ఆ యొక్కదానితోనే చెరువు నిండించుకొనగోరుచున్నాము.

పేరు సంగతియు అక్కడనే చూడవచ్చును. ఆ చెరువునకు శాసనకర్తలు పెట్టిన పేరు అనంతరాజసాగరము. నేడు నీరు పారించుకొను రైతు నడిగినచో పోరుమామిళ్లచెరువనియే చెప్పును.

పేరు మారి నిలిచిన యూరును ఒకటి కలదు, తెలంగాణమున పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే అక్కడికి రాగా, భూమిలేని హరిజనులకై వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు దానమిచ్చెను. నాటినుండి అది భూదాన్ పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ దానిని ఉత్తమ పర్యాటకగ్రామములలో నొకటిగా ఎన్నుకొన్నది. అక్కడికి పోవువారు పలకను చూడబోవుటలేదు. నూలునకు ముడులువైచి, రంగుల ముంచి, మగ్గముపై నేయు పనిని చూడబోవుచున్నారు. భూమి చేతులు మారిన పిమ్మట పేరు మారినది. ఆ క్రమము తలక్రిందులైనచో ఆ పేరు నిలిచియుండెడిది కాదు.

పని యున్నను పేరు కరగుటయు కలదు. మార్కాపురపు పలకలమీద అక్షరములు దిద్దినవారు మీలో నెందరో యున్నారు. పుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చినపిదప ఆ రాతిపలక వెనుకబడినది. కావున ఒక్క సరకునే నమ్ముకొని ఊరిపేరును దానికి ముడివేయుట క్షేమము కాదు.

చూడవచ్చువాడు ఒక పూట యుండి పోవును. వానికి నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, వేడి భోజనము, మాట చెప్పగల మనిషి ఉన్న చాలును. కాపురమునకు వచ్చువాని ప్రశ్నలు వేరు. వేసవిలో బోరు ఎండునా? బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి వైద్యుడు దొరకునా? హైదరాబాదునకు, బెంగుళూరునకు కూలికి పోయినవాడు ఈ రెండింటికిని జవాబు లేకయే పోయినాడు. వానిని తోరణము వెనుకకు పిలువజాలదు.

మీ చేతిలోనున్న పని యొకటి కలదు. ఏ వంక నీరు ఏ చెరువునకు జేరెడిదో, ఏ కాలువ ఎవరి కాలమున పూడిపోయినదో, ఏ తూము ఎప్పుడు విరిగినదో మీ తరమువారికే తెలియును. పడుచువారికి కంపచెట్లే కనబడును. దానిని ఊరివారీగా ఒక పుస్తకమున వ్రాయించి, ఒక ప్రతి పంచాయతీలోను, ఒక ప్రతి బడిలోను ఉంచుడు. తోరణమునకని చందా వసూలు చేయవచ్చినచో ఆ పుస్తకము తెరచి, మొదట ఏ వంక పూడిక తీయవలయునో చూపుడు. పని వానలకు ముందే జరుగవలయును.