పత్రిక చదివే పద్ధతి: గ్రూప్ డిస్కషన్లకు, ఇంటర్వ్యూలకు

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

గ్రూప్ డిస్కషన్లకు, అడ్మిషన్ ఇంటర్వ్యూలకు వర్తమాన విషయాలు ఎలా తెలుసుకోవాలో చెప్పమని కమిటీ వారు నన్ను అడిగారు. నేను సివిల్ ఇంజనీరుని. పనిచేసిన సంస్థల తరఫున ఇరవై ఏళ్లుగా కాలేజీలకు వెళ్లి ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఒకటి రెండు చోట్ల ఎంబీఏ అడ్మిషన్ల ప్యానెల్‌లో కూడా కూర్చున్నాను. బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుందో అది మీకు చెబుతాను.

ఈ పరీక్ష మీలో చాలామందికి ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. కొన్ని మేనేజ్‌మెంట్ కాలేజీలు ఇప్పటికీ గ్రూప్ డిస్కషన్ పెడుతున్నాయి. చాలా ఐఐఎంలు దాని బదులు ఒక అంశం ఇచ్చి అక్కడికక్కడ వ్యాసం రాయించి, ఆ తర్వాత ఇంటర్వ్యూ చేస్తున్నాయి. సైన్యంలో అధికారులు కావాలనుకునేవారికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు పెట్టే పరీక్షల్లో గ్రూప్ డిస్కషన్ తప్పనిసరి. సివిల్ సర్వీసెస్ తుది ఎంపికలో మొత్తం 2025 మార్కులకు ఇంటర్వ్యూవే 275. రూపం ఏదైనా అడిగేది ఒక్కటే: నీ చుట్టూ జరుగుతున్నదాని గురించి నీకు ఏం తెలుసు, దాన్ని నలుగురిలో ఎలా చెప్పగలవు?

మన పిల్లలు చేసేదేమిటి? రాత పరీక్ష ఫలితం వచ్చాక, ఇంటర్వ్యూకు పది రోజుల ముందు బజారుకు వెళ్లి కరెంట్ అఫైర్స్ పుస్తకం కొంటారు. యుద్ధకాలే శస్త్రాభ్యాసం. అందులో అవార్డులు, నియామకాలు, ఆటల విజేతలు, ఏ దేశానికి ఎవరు ప్రధాని అన్నవి బిట్లుగా ఉంటాయి. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించే పరీక్షకు ఆ పుస్తకం పనికొస్తుంది. పదిమంది కూర్చుని పదిహేను నిమిషాలు మాట్లాడుకునే చోట ఒక్క బిట్టూ అక్కరకు రాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ మధ్య ఒక ఇంటర్వ్యూకు మన ప్రాంతం అబ్బాయే వచ్చాడు. మార్కులు బాగున్నాయి. విదేశాల రాజధానులు, కొత్త పథకాల పేర్లు గడగడా చెప్పాడు. "మీ ఊరికి నీళ్లెక్కడి నుంచి వస్తాయి?" అని అడిగాను. "సాగర్ ఎడమ కాలువ సార్" అన్నాడు. "మరి కృష్ణా నీళ్ల గొడవ ఏమిటి?" అంటే, "మనకు అన్యాయం జరిగింది సార్" అన్నాడు. ఎంత రావాలి, ఎంత వస్తోంది అంటే జవాబు లేదు. అవతలి రాష్ట్రం వాళ్ల వాదన ఏమిటంటే దానికీ లేదు. ఆ అబ్బాయి తండ్రి ఆ కాలువ కింద వరి పండించే రైతు. వారబందీ ఎప్పుడు పెడతారో, ఆయకట్టు చివరి భూములకు నీళ్లెందుకు అందవో మాలో ఎవరికంటే ఆ అబ్బాయికే బాగా తెలుసు. ఆ సంగతులు అతని నోట్లోంచి రాలేదు, ఎందుకంటే అవి కరెంట్ అఫైర్స్ అని అతనికి ఎవరూ చెప్పలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు అయింది. అతనికి ఆ సీటు రాలేదు. అతని తర్వాత కూడా అలాంటివాళ్లను చాలామందిని చూశాను. అందుకే ఈ రోజు ఆ కాలువనే తీసుకుని, ఒక విషయాన్ని ఎలా వెంబడించాలో చెప్పాలనుకున్నాను.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, మన ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఈ మాత్రం మీ సోషల్ మాస్టారు చెప్పే ఉంటారు. పత్రికలో వచ్చేది దీని తర్వాతి కథ. దాన్ని చదవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మొదటిది, ఎంత? వర్షాకాలం వస్తే పత్రికల్లో రోజూ జలాశయాల పట్టిక వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఆ మట్టంలో ఇప్పుడు పట్టేది సుమారు 312 టీఎంసీలు. కట్టినప్పుడు 408 పట్టేదని లెక్క, మిగతా చోటు పూడికకు పోయింది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ నీటిని నష్టం లేకుండా ఒక అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు తడుస్తాయి. సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే "లక్ష క్యూసెక్కుల ఇన్‌ఫ్లో" అన్న వార్త చదవగానే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలకు పైగా చేరుతున్నాయని మీకే తెలుస్తుంది. గ్రూప్ డిస్కషన్‌లో అందరూ "చాలా నీళ్లు", "కొంచెం నీళ్లు" అంటున్నప్పుడు ఈ అంకె చెప్పినవాడి వైపు అందరి తలలూ తిరుగుతాయి.

రెండోది, ఎందుకు? 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్లను 75 శాతం విశ్వసనీయత మీద లెక్కగట్టింది. అంటే వందేళ్లలో కనీసం 75 ఏళ్లు నమ్మకంగా వచ్చే నీరు. అది 2060 టీఎంసీలు. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాలకు పారి మళ్లీ నదిలోకి చేరే నీటిని కలిపితే మన వాటా 811 అయింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక ఆ 811ని ఎలా పంచుకోవాలన్నదే ఇప్పటి తగాదా. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని ఏర్పాటు చేసుకున్నారు.

మూడోది, అవతలివాళ్ల మాట ఏమిటి? నదీ పరీవాహక ప్రాంతంలో ఎక్కువ భాగం తమవైపు ఉందని, వాటా దాని ప్రకారం ఉండాలని, బేసిన్ బయటికి నీళ్లు తరలిస్తున్నారని తెలంగాణ అంటుంది. డెల్టా ఆయకట్టు సాగర్ కంటే ఎంతో పాతదని, ముందునుంచీ ఉన్న వాడకానికి బచావత్ రక్షణ ఇచ్చాడని, ప్రాజెక్టులవారీగా చేసిన కేటాయింపులను కదపకూడదని ఆంధ్రప్రదేశ్ అంటుంది. ఈ సభలో సరిహద్దుకు ఇవతలివాళ్లూ ఉన్నారు, అవతల స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. ఎవరి మనసులో ఏ పక్షం ఉన్నా రెండో పక్షం వాదనను, ఆ పక్షంవాళ్లు విని "అవును, మేమనేది ఇదే" అనేటట్టు చెప్పగలరా? అదే అసలు పరీక్ష.

నాలుగోది, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? రాజ్యాంగంలోని 262వ అధికరణం, దాని కింద 1956లో వచ్చిన అంతర్రాష్ట్ర నదీజలాల వివాదాల చట్టం ప్రకారం ట్రిబ్యునల్ వేస్తారు. 2004లో వేసిన బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కే రెండు రాష్ట్రాల పంపకాన్ని చూడమని 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విచారణాంశాలు అప్పగించింది. రోజువారీ విడుదలల గొడవలు కృష్ణా నది యాజమాన్య బోర్డు ముందుకు వస్తాయి. ఈ సంగతి తెలిసినవాడు "ప్రభుత్వం వెంటనే చర్యలు తీసుకోవాలి" అని గాలిలో మాట్లాడడు. ఏ ప్రభుత్వం, ఏ చర్య అన్నది చెబుతాడు.

ఈ నాలుగు ప్రశ్నలూ ఏ వార్తకైనా సరిపోతాయి. రిజర్వ్ బ్యాంకు రెపో రేటు తగ్గించిందని చదివారనుకోండి. ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది అన్నవి వార్తలోనే ఉంటాయి. నిర్ణయించేది ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ. దాదాపు రెండు నెలలకోసారి కూర్చుంటుంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాతో ఉంచడం దాని బాధ్యత. ఇక అవతలి పక్షం మన ఇళ్లలోనే ఉంటుంది. రేటు తగ్గితే ఇల్లు కట్టుకుంటున్న కొడుక్కి ఈఎంఐ తగ్గుతుంది, రిటైరైన తండ్రికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ తగ్గుతుంది. ఒకే వార్త ఒకే ఇంట్లో ఒకరికి తీపి, ఒకరికి చేదు. ఈ మాట చెప్పడానికి ఎకనామిక్స్ డిగ్రీ అక్కర్లేదు.

ఏడాదికి అన్ని వార్తలనూ ఇలా వెంబడించలేం. పది పన్నెండు విషయాలు ఎంచుకోండి. మీ జిల్లాది ఒకటి, మీరు చదివే చదువుకు సంబంధించినవి రెండు, మూడు, దేశానివి నాలుగైదు, ప్రపంచానివి రెండు. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని ఒక్కో విషయానికి నాలుగు పేజీలు వదలండి. ఎడమ పేజీలో తేదీ వేసి అంకెలు, జరిగినవి రాయండి. కుడి పేజీని నిలువుగా రెండు చేసి ఒకవైపు ఒక పక్షం వాదన, ఇంకోవైపు రెండో పక్షం వాదన రాయండి. రోజుకు అరగంట చాలు. వార్తకు, సంపాదకీయానికి తేడా గమనించండి. మొదటిది ఏం జరిగిందో చెబుతుంది, రెండోది పత్రిక ఏమనుకుంటోందో చెబుతుంది. ఫోన్‌లో వచ్చిన సంగతి ఏదైనా నోట్‌బుక్‌లోకి ఎక్కే ముందు ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం, రిజర్వ్ బ్యాంకు, పార్లమెంటు వెబ్‌సైట్లలో సరిచూసుకోండి. పార్లమెంటులో అడిగిన ప్రశ్నలకు మంత్రులు ఇచ్చే రాతపూర్వక జవాబుల్లో మన జిల్లాల అంకెలు కూడా దొరుకుతాయి.

మాట్లాడే తీరు గురించి కొంచెం. చేపల బజారులా అరుపులు మొదలైన గ్రూపులో గట్టిగా అరిచినవాడికి మార్కులు పడతాయనుకుంటారు. మేము రాసుకునేది వేరు. ఎవరు కొత్త విషయం తెచ్చారు, ఎవరు ఎదుటివారి మాట విని దాని మీద మాట్లాడారు, నోరు తెరవని అమ్మాయికి ఎవరు అవకాశమిచ్చారు, దారి తప్పిన చర్చను ఎవరు అంశం మీదికి తెచ్చారు, ఇవీ మా కాగితాల మీద ఉండేవి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఇంటర్వ్యూలో మీ అభిప్రాయం అడిగితే దాచుకోకండి. ప్యానెల్‌లో ఉన్నవారిది ఏ పక్షమో ఊహించి దానికి తగ్గట్టు మాట మార్చకండి. మేము చూసేది అభిప్రాయం వెనక కారణం ఉందా లేదా అన్నదే.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. విషయాన్ని ముందు తెలుగు పత్రికలో చదివి పూర్తిగా అర్థం చేసుకోండి. తర్వాత అదే విషయం ఇంగ్లీషు పత్రికలో చదివి, కొత్త మాటలు అదే పేజీలో రాసుకోండి. ఆపైన ఇంట్లో గట్టిగా రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పుకోండి. విషయం ఉన్నవాడికి భాష ఆరు నెలల్లో వస్తుంది. భాష ఉండి విషయం లేనివాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు.

చివరగా పెద్దలకు రెండు విన్నపాలు. పూర్వ విద్యార్థుల సంఘం తరఫున మన గ్రంథాలయానికి రెండు తెలుగు పత్రికలు, ఒక ఇంగ్లీషు పత్రిక వేయిద్దాం. మనలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లం మూడు నెలలకు ఒక ఆదివారం చొప్పున కేటాయిస్తే, ఇంటర్వ్యూలకు వెళ్లే మన పిల్లలకు వీడియోలో నమూనా ఇంటర్వ్యూలు, డిస్కషన్లు పెట్టవచ్చు. నా ఆదివారాలు ఇప్పుడే రాసుకోండి.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఇంకా చిన్నది. ప్రార్థన సమావేశంలో వార్తలు చదివే అలవాటు మన బడిలో ఉంది, దాన్ని మానవద్దు. సోమవారం ఒక వార్త చదివిన విద్యార్థినే శుక్రవారం మళ్లీ పిలిచి "ఆ వార్త ఏమైంది?" అని అడగండి. ఆ నాలుగు రోజులూ ఆ పిల్లవాడు పత్రిక వెతుక్కుంటాడు. వర్షాకాలంలో అయితే సాగర్ మట్టం ఎంతకు చేరిందో వారం వారం బోర్డు మీద రాయించండి. టీఎంసీ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలే చేయగలరు.