మన యింటి శుభ్రత – మన బిడ్డల ఆరోగ్యము
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్షఖండము నూరేండ్లు పూర్తిచేసికొన్న ఈ సందర్భమున, మనకు ముందున్నవారు చేసిన సేవను గూర్చి అనేకులు మాటలాడుచున్నారు. ఆ సేవలో శుభ్రతకు పెద్ద స్థానమున్నది. బోర్డింగులలో తెల్లవారకముందే గచ్చు కడిగిన పిల్లలు, ఆసుపత్రులలో ప్రతి మంచము క్రింద తుడిచిన ఆయాలు, శనివారము సాయంత్రము గుడి ఊడ్చి ఆదివారమునకు సిద్ధపరచిన గుడి సేవకులు – వీరందరు మనకు నేర్పిన పాఠమది. కనుక శుభ్రతను తక్కువచేసి మాటలాడుటకు మేమిక్కడ నిలువలేదు. శుభ్రత పేరిట మన యిండ్లలోనికి వచ్చుచున్న కొన్ని రసాయనములను గూర్చి మీతో ఆలోచించుటకు నిలిచితిమి.

శుభ్రత ప్రాణములను కాపాడునన్న సంగతి నిజము. 1847లో వియన్నా నగరపు ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, తోటి వైద్యులు క్లోరినుగల సున్నపు నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టగా, బాలింతల మరణములు ఎంతగానో తగ్గినవి. 1867లో లిస్టరు దొర శస్త్రచికిత్సలో కార్బాలికామ్లము వాడుటను గూర్చి ప్రకటించెను. మనము వాడు నల్ల ఫినాయిలు ఆ వంశములోనిదే. కాబట్టి కడుగవలెనా వద్దా అనునది ప్రశ్న కాదు. దేనితో కడుగుచున్నాము, ఎంత వాడుచున్నాము, ఎవరి చేత కడిగించుచున్నాము అనునవే మన ముందున్న ప్రశ్నలు.

హార్మోనులు చేయు పని

మన దేహములో థైరాయిడు, పిట్యూటరీ, అండాశయములు, వృషణములు మొదలగు గ్రంథులు కలవు. ఇవి హార్మోనులు అను రసములను రక్తములోనికి విడుచుచుండును. వీటి పనిని మన గుడి గంటతో పోల్చి చెప్పవచ్చును. మొదటి గంట మ్రోగగానే ఊరిలో స్త్రీలు పని ముగించుకొందురు; రెండవ గంటకు బయలుదేరుదురు; ఆగి ఆగి మ్రోగినయెడల ఎవరో మరణించిరని తెలిసికొందురు. గంట చేయునది చిన్న శబ్దమే గాని, ఊరంతయు దానిని బట్టి నడుచును. హార్మోనులు కూడ రక్తములో మిక్కిలి స్వల్పముగా నుండియు, బిడ్డ ఎదుగుదలను, మెదడు పెరుగుదలను, యౌవనమును, సంతాన ప్రాప్తిని నడిపించును.

ఇప్పుడు ఎవరో తెలియనివాడు వచ్చి వేళగాని వేళ గంట కొట్టినయెడల ఏమగును? లేక గంట నాలుకకు గుడ్డ చుట్టి పోయినయెడల ఏమగును? ఊరు తప్పుదారి పట్టును. కొన్ని రసాయనములు మన దేహములో సరిగా ఇదే పని చేయును. కొన్ని హార్మోను వేషము వేసికొని వచ్చును. కొన్ని అసలు హార్మోను పనిని అడ్డగించును. పెద్దవారికంటె గర్భములోని శిశువునకు, పాలుత్రాగు బిడ్డకు, ఎదుగుచున్న పిల్లలకు వీటివలన అపాయమెక్కువ. ఏలయనగా, ఆ దినములలో గంట తప్పినయెడల ఆ దినము మరల తిరిగి రాదు.

ఈ సంగతి ఎట్లు బయలుపడినది?

అమెరికాలోని బోస్టను నగరమందు టఫ్ట్స్ విశ్వవిద్యాలయములో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ అను శాస్త్రజ్ఞులు రొమ్ము క్యాన్సరు కణములపై పరిశోధన చేయుచుండిరి. స్త్రీ హార్మోను కలిపిననే గాని ఆ కణములు వృద్ధి చెందవు. అట్టివి ఏమియు కలుపకయే వృద్ధి చెందుట చూచి వారు ఆశ్చర్యపడి, కారణమును వెదకిరి. కణములుంచిన ప్లాస్టిక్ గొట్టముల నుండి నోనైల్‌ఫినాలు అను పదార్థము ఊరుచున్నదని తుదకు కనుగొని, 1991లో ప్రకటించిరి.

ఈ పదార్థమునకును మన గచ్చుకును ఏమి సంబంధము? మురికిని నీటిలో విడగొట్టుటకు వాడు నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేటులు అను పదార్థములు దీని నుండియే తయారగుచున్నవి. ఇవి కాలువలోనికి పోయి విరిగి, మరల నోనైల్‌ఫినాలుగా మారును. ఇంగ్లండులో మురికినీరు కలియు నదులలోని మగ చేపల రక్తములో, ఆడ చేపలకు మాత్రమే ఉండవలసిన గ్రుడ్డు పచ్చసొన మాంసకృత్తు కనబడెను. యార్క్‌షైర్‌లో ఉన్ని కడుగు మిల్లుల నీరు కలిసిన ఏర్ నది దీనికి పేరుమోసిన ఉదాహరణము. ఐరోపా దేశములు 2003లో చట్టము చేసి, 2005 నుండి గృహశుద్ధి వస్తువులలో ఈ పదార్థము నూటికి 0.1 వంతు మించరాదని కట్టుదిట్టము చేసినవి.

రెండవది ట్రైక్లోసాను. క్రిములను చంపునని చెప్పి సబ్బులలో కలుపుచు వచ్చిరి. జంతువులయందు ఇది థైరాయిడు హార్మోనును తగ్గించుట కనబడెను. 2016లో అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ, ఇంటివాడుక క్రిమినాశక సబ్బులలో ట్రైక్లోసానుతో కూడ మొత్తము 19 పదార్థములను నిషేధించెను. మామూలు సబ్బు, నీళ్ళకంటె ఇవి మేలని తయారుచేయువారు ఋజువు చూపలేకపోయిరి. ఎక్కువ ధర పెట్టి కొన్నది మామూలు సబ్బు చేయు పనినే చేసినదన్నమాట!

మూడవది సువాసన. సీసామీద 'పెర్ఫ్యూము' అను ఒక్క మాట క్రింద అనేక పదార్థములు దాగియుండవచ్చును. వాసన నిలిచియుండుటకు వాడునవి కొన్ని థాలేటులు అను జాతికి చెందినవి. ఆ జాతిలో కొన్ని పురుష హార్మోనును అణచునని జంతు పరీక్షలలో తేలినది.

నాలుగవది, నేల తుడుచు మందులలో సాధారణముగా కనబడు బెంజాల్కోనియం క్లోరైడు వంటి పదార్థములు. 2014లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఈ జాతి మందుల సంపర్కము కలిగిన ఎలుకలకు పిల్లలు తగ్గుట కనబడెను. ఎలుకలయందు కనబడినదంతయు మనుష్యులయందు జరుగునని చెప్పుట న్యాయము కాదు. అయినను, అక్కరలేని చోట ఎందుకు వాడవలెను అని అడుగుట బుద్ధిగల పని.

చేతులు ముంచువారెవరు?

ప్రియులారా, ఒక్క మాట ఆలోచించుడి. సువాసన నెంచుకొనువారొకరు, ఆ నీళ్ళలో చేతులు ముంచువారు మరియొకరు. మన యింటిలో పనిచేయు తల్లి దినమునకు నాలుగైదు ఇండ్లలో గచ్చు తుడుచును. బడి ఆయా, హాస్టలు స్వీపరు, గుడి సేవకుడు – వీరు పీల్చు గాలి, వీరి చేతులకంటు నీరు మన లెక్కలోనికి రావు. ఆమె గర్భవతి అయినను బకెట్టు ఆమె చేతికే యిత్తుము. మన బల్లలు మెరయుట కొరకు ఆమె బిడ్డ మూల్యము చెల్లింపవలెనా?

లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటిగోడకు పొడ కనబడినయెడల యాజకుడు చేయవలసిన పని వ్రాయబడియున్నది. ముందుగా ఇల్లు ఖాళీచేయింపవలెను; పిమ్మట లోపలికి వెళ్లి చూడవలెను; గోడ గీకించినయెడల ఆ పెళ్ళలను ఊరివెలుపల అపవిత్రమైన చోట పారబోయించవలెను. ఇంటిని పరీక్షించుట, తీసివేసిన దానిని ఎక్కడ వేయుచున్నామో చూచుట కూడ దేవుని సేవలో భాగముగానే అక్కడ ఎంచబడినవి. మనము పారబోయు నీళ్ళు ఏ కాలువలోనికి, ఏ చెరువులోనికి పోవుచున్నవో చూచుట మన పని కాదా?

మనము చేయదగినవి

భయపడి చేతులు ముడుచుకొననక్కరలేదు. 2013లో కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో నూరుగురు బాలికలు మూడు దినములు తమ స్నాన, అలంకరణ వస్తువులను మార్చి, ఈ రసాయనములు లేనివి వాడిరి. వారి మూత్రమును పరీక్షింపగా, ట్రైక్లోసాను నూటికి 36 వంతులు, ఒక థాలేటు నూటికి 27 వంతులు తగ్గినవి. కేవలము మూడు దినములలోనే! కనుక మన చేతిలో నున్నది కొంత కలదు.

ఒకటి: వాసన వేరు, శుభ్రత వేరు. కడిగిన గచ్చుకు ఏ వాసనయు ఉండనక్కరలేదు. వాసనలేనివి దొరికినయెడల వాటినే కొనుడి.

రెండు: పేరు, జాబితా లేని సీసాను కొనకుడి. వీధిలో కూల్‌డ్రింకు సీసాలలో పోసి అమ్ము ఫినాయిలు చవుకయే గాని, అందులో ఏమున్నదో అమ్మువానికే తెలియదు. పైగా పసిబిడ్డ అది పానీయమనుకొని త్రాగు ప్రమాదమున్నది.

మూడు: రోజువారీ చేతులకు, గిన్నెలకు మామూలు సబ్బు చాలును. క్రిమినాశక మందును రోగి గదికి, వాంతులు విరేచనములైన చోటికి ఉంచుడి. అట్టి సమయమున దానిని మానుట కూడ తప్పే.

నాలుగు: మూత కొలత చెప్పినచోట మూతయే పోయుడి. పిల్లలు ప్రాకు గచ్చును మందు తరువాత మంచినీళ్ళతో మరల తుడువుడి. ఈ రసాయనములు ఇంటి దుమ్ములో చేరియుండును గనుక చీపురుతో రేపుటకంటె తడిగుడ్డతో తుడుచుట మేలు.

ఐదు: మన అమ్మమ్మలు వాడినవి మరువకుడి. ఇత్తడికి చింతపండు, జిడ్డుకు వేడినీళ్ళు, వంటసోడా, పట్టుబట్టకు కుంకుడు నురుగు ఇప్పటికిని చక్కగా పనిచేయును. అయితే కుంకుడు రసము కంట పడకుండ చూచుకొనవలెను. పసిబిడ్డల బట్టలలో కలరా ఉండలు వేయకుడి. కొందరు బిడ్డలకు పుట్టుకతో నుండు ఒక లోపమువలన వాటి ఆవిరికి రక్తకణములు విరిగిపోవును. ఎండబెట్టిన వేపాకు చాలును.

ఆరు: హార్మోనులతో సంబంధము లేకపోయినను ఇది చెప్పక తప్పదు. దొడ్డి కడుగు ఆసిడును బ్లీచింగు పౌడరును ఎన్నడును కలుపకుడి. కలిపినయెడల క్లోరిను విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును.

సంఘముగా ఒక విన్నపము

ఇంతవరకు చెప్పినది ఇంటికి. ఇక సంఘమునకు. మన బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు ఏటేట డబ్బాల కొలది ఇట్టి మందులు కొనుచున్నవి. కొను పట్టికను కమిటీవారు ఒకసారి ముందు పెట్టుకొని, అక్కరలేని వాటిని కొట్టివేయుదురు గాక. కడుగువారికి రబ్బరు చేతొడుగులు ఇప్పింతురు గాక. గర్భిణియైన పనివారిని ఆ నెలలలో ఆసిడు, ఘాటైన మందుల పని నుండి తప్పించి, జీతము తగ్గింపక వేరొక పని నిత్తురు గాక. కాలిఫోర్నియా రాష్ట్రము 2017లో చట్టము చేసి, సీసాలో నున్న పదార్థముల పేర్లు కొనువారికి తెలుపవలెనని శాసించెను. మనము కూడ కొట్టువానిని, తయారుచేయువానిని 'ఇందులో ఏమున్నది?' అని అడుగుట అలవరచుకొందము. వేయిమంది తల్లులు అడిగిన ప్రశ్నకు ఏ వ్యాపారియు చెవి మూసికొనలేడు.

మన పెద్దలు మనకు శుభ్రమైన గుడిని, బడిని, ఆసుపత్రిని అప్పగించిరి. రాబోవు తరమునకు మనము శుభ్రమైన నీటిని, ఆరోగ్యముగల బిడ్డలను అప్పగింతుము గాక. కడుగు చేతులను, కడుగబడు గృహములను ప్రభువు కాపాడును గాక.