వయ్యారిభామ – పెంకుపురుగు – గరిక
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన మౌలాలిలో ఖాళీ ప్లాట్ల నిండా పెరుగుతున్న వయ్యారిభామ గురించి రెండు మాటలు మనవి చేస్తాను. దీని మూలంగా వచ్చే దురదలు, ఆయాసం ఉదయం నడకకు వెళ్ళే మనలో చాలామందికి అనుభవమే. కలుపుమందు కొట్టించాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. ఆ పని చేసి నేను నష్టపోయాను. మా ప్రహరీ పక్కన మందు కొట్టిస్తే వయ్యారిభామతోపాటు గరిక కూడా మాడింది. తొలకరికి ఆ బోడినేల మీద ముందుగా మొలిచింది వయ్యారిభామే!

ఈ పరదేశపు మొక్కను 1955 ప్రాంతంలో పూనాలో గుర్తించారు. దీని వేళ్ళనుండి, కుళ్ళిన ఆకులనుండి ఊరే పదార్థాలు పక్క విత్తనాలను మొలవనీయవు. పప్పుజాతి మొక్కల వేళ్ళ బుడిపెలలో నత్రజనిని పట్టే సూక్ష్మజీవులను సైతం దెబ్బతీస్తాయి. పశువులు గడ్డిని మేసి దీనిని వదిలేస్తాయి. ఇక గడ్డి గెలిచేదెలా?

అందుకే శాస్త్రజ్ఞులు 1983లో మెక్సికో నుండి జైగోగ్రామా అనే పెంకుపురుగును బెంగుళూరుకు తెప్పించి, పరీక్షించి, 1984లో వదిలారు. మీగడరంగు వీపు మీద గోధుమరంగు చారలుంటాయి. దీని పిల్లపురుగులు చిగుళ్ళు, ఆకులు తిని, ఎదిగాక మట్టిలోకి దిగి ప్యూపాలవుతాయి. పెద్దపురుగులు ఎండాకాలం మట్టిలో దాగి, వానలకు పైకి వస్తాయి. బెంగుళూరులో ఇవి విస్తరించినచోట అణగిన గడ్డి, ఇతర మొక్కలు మళ్ళీ తలెత్తాయి. పొద్దుతిరుగుడుకు హాని చేస్తుందని 1990 దశకం మొదట్లో ఆందోళన రేగినా, పెద్ద ముప్పు లేదని పరిశీలనలో తేలింది.

అయితే పురుగు ఒక్కటే చాలదు. దాని జోరంతా వానాకాలంలోనే. కనుక నా మనవి మూడు మాటలు. ఒకటి, పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతితొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పెరకాలి. రెండు, పెంకుపురుగులు పట్టిన గుబుర్లను వాటికే వదిలేయాలి. అక్కడ మందు కొట్టరాదు, మట్టిని తిరగవేయరాదు. మూడు, పెరికిన చోట వెంటనే గరిక నాటాలి.

ఖాళీ పోస్టు సంగతి సర్వీసులో మనం చూసిందే. నేలా అంతే. మనం గరికను నియమించకపోతే వయ్యారిభామ తనంతట తానే చార్జి తీసుకుంటుంది. మందు ప్రతిపాదనను ఈ వానాకాలం దాటేవరకు ఆపవలసిందిగా సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.