బిడ్డల పత్రములు: దాచుట, వెదకి తీయుట
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



బిడ్డల జనన పత్రమును, బదిలీ పత్రమును మీరిప్పుడు పాఠశాల వెబ్‌సైటునందే చేర్చుచున్నారు. చేర్చుట సులభమే. పదియేండ్లకు పిమ్మట వానిలో నొక్కటి వెదకి తీయవలసి వచ్చినప్పుడు గదా కష్టము తెలియును!

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. మన పేట పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేర వెలసినది. వారి కాగితమును ‘ప’ క్రింద నుంచవలెనా, ‘త’ క్రిందనా? పేటనో లోకమంతయు ‘టి. నగర్’ అనుచున్నది! మన బిడ్డల పేర్లును నిట్లే యున్నవి. తెలుగునాట ఇంటిపేరు ముందుండును. ఇచ్చట తండ్రి పేరులోని మొదటి యక్షరము నుంచుట వాడుక. ఒకే బాలుడు జనన పత్రమున నొక తీరునను, ఆధార్ కార్డున వేరొక తీరునను కనబడును. ఇంగ్లీషు వ్రాతలో ‘లక్ష్మి’కి ఎన్ని రూపములో మీరే యెరుగుదురు.

కావున పేరును నమ్మక ప్రవేశ సంఖ్యను నమ్మితిమి. ఒకరి సంఖ్య మరియొకరికి ఎన్నడును ఈయము. చేరిన సంవత్సరమున కొక ఫోల్డరు, అందు ప్రతి సంఖ్యకు నొక ఫోల్డరు. తరగతివారీగా నేల పెట్టరాదని కొందరడిగిరి. బిడ్డ ఏటేట తరగతి మారును. చేరిన సంవత్సరము మారదు. మీలో పదిమంది ‘ఫోటో’ అను పేరుతోనే ఫైలు పంపుదురు. ఒకటి మరొకదానిపై బడి చెరిగిపోకుండ కంప్యూటరే సంఖ్య, పత్రపు రకము, తేదీ కలిపి క్రొత్త పేరు పెట్టును. పాత ప్రతిని తొలగింపదు.

పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, మాతృభాష వేరుగా నొక పట్టికలో నుండును. ఫైలెచ్చట నున్నదో పట్టిక చెప్పును. గ్రంథాలయమున కార్డు బీరువాను చూపుటయు నిదియే. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో, పాఠకుని కాలమును కాపాడవలెననునది నాల్గవది.

ఇంత శ్రమ యెందుకందురా? 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలుకొని క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. 2016లో ఆ పిల్లలు పదవ తరగతి పరీక్షకు వచ్చునప్పటికి, భాషా అల్పసంఖ్యాకులు మినహాయింపునకై ఉన్నత న్యాయస్థానమున కేగవలసివచ్చెను. అట్టి వేళ బిడ్డ మాతృభాష యేదో, ఏ మాధ్యమమున చదివెనో చూపు కాగితము ఆనాడే చేతికందవలెను. వారము దినములు వెదకిన పిమ్మట దొరికినను లాభమేమి?

సంఖ్య నూహించుట ఎవరికైనను సాధ్యమే. అందుచే సంఖ్య తెలిసినంతమాత్రమున ఫైలు తెరవబడదు. అడుగువారు ఆ బిడ్డ తల్లిదండ్రులో, కార్యాలయపు వారో అని చూచిన పిదపనే యిచ్చు నేర్పాటు కలదు. మరియొక ప్రతి వేరుచోట భద్రముగా నున్నది.

మీరు చేయవలసినది కొంచెమే. పత్రమును వంకర లేకుండ, నాలుగంచులు కనబడునట్లు స్కాను చేసి పంపుడు. గెజిటు ద్వారా పేరు మార్చుకొన్నవారు ఆ ప్రతిని తెచ్చి యిచ్చినచో, పాత పేరును చెరపక, అదే సంఖ్య క్రింద క్రొత్త పేరును చేర్తుము.