నేసిన చేతికి పేరు దక్కాలంటే

(షోలాపూర్‌లోని తెలుగు చిరు వ్యాపారులను, మగ్గాల యజమానులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



తెలుగునాట ‘షోలాపూర్ దుప్పటి’ అనే మాట తెలియని ఇల్లు అరుదు. ఆ దుప్పటికి పేరు తెచ్చినవారిలో, తరాల క్రితం తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకొని ఈ ఊరికి వచ్చిన పద్మశాలి కుటుంబాలది పెద్ద వాటా. ఊరికి పేరు వచ్చింది. సరుకుకూ పేరు వచ్చింది. కాని ఆ సరుకు నేసిన కార్ఖానాకు పేరు వచ్చిందా అని అడిగితే చాలా ఇళ్లలో సమాధానం దొరకదు.

కారణం అందరికీ తెలిసినదే. దుప్పట్లు కట్టలు కట్టి టోకు వర్తకునికి అప్పగిస్తారు. వాటి మీద అతని చీటీ పడుతుంది. కొన్నవారికి గుర్తుండేది ఆ చీటీ మాత్రమే. మరుసటి ఏడు మరొకచోట రెండు రూపాయలు తక్కువకు దొరికితే టోకు వర్తకుడు అక్కడికి వెళ్తాడు. నేసిన చేయి మారిన సంగతి కొనేవారికి తెలియదు. పేరు లేని సరుకుకు ధర కట్టేది ఎప్పుడూ ఎదుటివాడే. నూలు ధర పెరిగినా, కరెంటు బిల్లు పెరిగినా ఆ భారం కార్ఖానాదారు మీదనే నిలుస్తుంది.

అందువల్ల బ్రాండ్ అనేది పెద్ద కంపెనీల ఆడంబరమని, అంతర్జాలంలో కనిపించడం కుర్రవాళ్ల సరదా అని తీసివేయడం తగదు. అది ధర మీద కొంతైనా పట్టు సంపాదించుకునే మార్గం. ఇల్లు దాటకుండా పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముకునే స్త్రీలకూ, కుట్టుపని చేసేవారికీ ఈ మాట సమానంగా వర్తిస్తుంది.

వలస వచ్చిన తెలుగువాడు పరాయి నగరంలో పేరు నిలబెట్టుకోవడం కొత్త సంగతి కాదు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయి చేరి, 1893లో అక్కడ అమృతాంజనం వ్యాపారాన్ని ప్రారంభించారు. సంగీత సభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితంగా పంచిపెట్టి ప్రచారం చేశారు. గంటల తరబడి కూర్చున్న శ్రోతకు తలనొప్పి వచ్చినప్పుడు చేతిలో మందు ఉంటే, ఆ గుణం గురించి వేరే ప్రకటన అవసరం లేదు. ఆ శ్రోతే ఇంటికి వెళ్లి పదిమందికి చెబుతాడు. ఆ వ్యాపారం ఇచ్చిన బలంతోనే పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడింది.

ఆ చరిత్రలో నేటి చిరు వ్యాపారికి పనికివచ్చే అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది పేరు. ‘అమృతం’, ‘అంజనం’ అనే మాటలు తెలుగువారికే కాక మరాఠీ, గుజరాతీ, తమిళ కుటుంబాలకూ పరిచితాలే. పలకడానికి ఎవరూ తడబడరు. రెండవది, కొనకముందే గుణం తెలుసుకునే అవకాశం. మూడవది నిలకడ. పసుపుపచ్చని ఆ మందును పేరు చదవలేనివారు సైతం గుర్తుపట్టారు. నిన్న కొన్నదే నేడూ దొరుకుతుందన్న నమ్మకమే బ్రాండ్. రంగుల ముద్రలూ, అందమైన అట్టపెట్టెలూ ఆ నమ్మకానికి గుర్తులు మాత్రమే.

ఇక పేరు ఎంచుకోవడంలో ఎదురయ్యే చిక్కును చూడవలసి ఉంది. ఈ నగరంలో మార్కండేయుని పేరు, లక్ష్మీదేవి పేరు, బాలాజీ పేరు పెట్టుకున్న దుకాణాలు వీధికొకటి కనిపిస్తాయి. భక్తిలో తప్పు లేదు. అయితే అంతర్జాలంలో ఆ పేరుతో వెతికినవారికి పదుల దుకాణాలు కనిపిస్తాయి, కావలసినది వాటిలో కలిసిపోతుంది. అందరూ వాడే దేవుని పేరు మీద ఒక్కరికే హక్కు దక్కడం కూడా కష్టం. ‘మంచి దుప్పటి’ వంటి గుణవాచకానికీ, కేవలం ఊరి పేరుకూ అదే ఇబ్బంది. ఇష్టదైవాన్ని లోపల పటంలో కొలుచుకొని, సరుకుకు వేరొక పేరు పెట్టుకోవడం వివేకం. ఇంటిపేరులోని ఒక ముక్క, మరెవరూ వాడని చిన్న మాట, తాతగారి ఊరి పేరుతో కలిపిన కొత్త పదం, ఏదైనా సరే. మరాఠీవారు, హిందీవారు ఒక్కసారి విని తప్పు లేకుండా రాయగలిగితే చాలు.

పేరు నిశ్చయించిన తరువాత దానికి చట్టం అండ కావాలి. 1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం కింద ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయడానికి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఒక్కొక్క తరగతికి ₹4,500 రుసుము, ఇతరులకు ₹9,000. దుప్పట్లు, తువ్వాళ్లు 24వ తరగతిలోకి, కుట్టిన దుస్తులు 25వ తరగతిలోకి, పచ్చళ్లు 29వ తరగతిలోకి, మసాలా పొడులు 30వ తరగతిలోకి వస్తాయి. చిన్న పరిశ్రమగా రాయితీ కోరేవారికి ఉద్యం ధ్రువపత్రం కావాలి. ఆ నమోదుకు ప్రభుత్వ రుసుమేమీ లేదు. డబ్బు అడిగే దళారుల మాట నమ్మనక్కరలేదు. దరఖాస్తుకు ముందే అదే పేరు మరొకరిది అయిందేమో రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. జర్నల్‌లో ప్రకటించిన తరువాత అభ్యంతరాలకు నాలుగు నెలల గడువు ఉంటుంది. నమోదైన హక్కు పదేళ్లు చెల్లుతుంది, ఆపైన పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవచ్చు. ఒక హెచ్చరిక: వలయంలో ఉండే ‘ఆర్’ గుర్తును నమోదు పూర్తయ్యాకే వాడాలి. నమోదు కాని పేరు నమోదైనట్లు చూపడం చట్టవిరుద్ధం.

సొంత పేరుతోపాటు ఊరి పేరులోనూ ఈ నగర నేతగాళ్లకు హక్కు ఉంది. షోలాపూర్ చద్దరు, షోలాపూర్ టెర్రీ టవలు దేశంలో తొలిదశలోనే భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులలో ఉన్నాయి. వేరేచోట నేసిన దుప్పటిని షోలాపూర్ పేరుతో అమ్మితే అడిగే అధికారం ఆ గుర్తింపు నుంచే వస్తుంది. కాని ఒక అంశం చాలామంది దృష్టికి రావడం లేదు. గుర్తింపు ఊరి సరుకుకు వచ్చినంత మాత్రాన ప్రతి నేతగానికీ ఆ ముద్ర వాడుకునే హక్కు దానంతట అది రాదు. ప్రతి ఉత్పత్తిదారూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. 2020లో నిబంధనలు సవరించి ఆ దరఖాస్తు రుసుమును ₹500 నుంచి ₹10కి తగ్గించారు. పది రూపాయల దరఖాస్తు వేయక, తాతలు సంపాదించిన పేరును పరులకు వదిలివేయడం విచారకరం.

చట్టబద్ధంగా పేరు సిద్ధమైనాక అంతర్జాలంలో దానికొక చిరునామా కావాలి. మొదటి మెట్టుకు ఖర్చు లేదు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణాన్ని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. తెరిచే వేళలు, సెలవు రోజు, ఫోను నంబరు, వెలుతురులో తీసిన నాలుగు ఫొటోలు ఉంటే చాలు. వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక పెట్టుకోవచ్చు. వ్యాపారం పెరిగితే సొంత వెబ్‌సైటు తీసుకోవచ్చు. వెబ్ చిరునామా తెలుగు లిపిలోనే ‘.భారత్’ అనే ముగింపుతో కూడా లభిస్తుంది. దుకాణం బోర్డు మీద, బిల్లు మీద, ఫోనులో పేరు ఒకే విధంగా ఉండాలి. ఒకచోట ఒక అక్షరం, మరొకచోట మరొక అక్షరం రాస్తే వెతికేవారు దారి తప్పుతారు.

బోర్డు మాట వచ్చింది కనుక మరొక నియమం గుర్తుంచుకోవాలి. మహారాష్ట్రలో 2022 నాటి సవరణ ప్రకారం దుకాణం పేరు మరాఠీలో, దేవనాగరి లిపిలో ముందుగా ఉండాలి. ఇతర భాషల అక్షరాలు దానికంటే పెద్దవిగా ఉండకూడదు. దాని కింద తెలుగు రాసుకోవడానికి అడ్డు లేదు. ఆన్‌లైన్‌లోనూ ఇదే క్రమం మేలు చేస్తుంది. పక్కింటి కొనుగోలుదారు మరాఠీలో వెతుకుతాడు, హైదరాబాదులోని బంధువు తెలుగులో వెతుకుతాడు. ఇద్దరికీ కనిపించే పేరే వ్యాపారానికి అక్కరకు వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరుగుతున్నది తాళంచెవి దగ్గర. దుకాణం తాళంచెవి పరాయివారి చేతికి ఇవ్వనివారు కూడా ఆన్‌లైన్ ఖాతాను మేనల్లుని ఫోను నంబరు మీదనో, నెలజీతానికి వచ్చిన కుర్రవాని ఈమెయిలు మీదనో తెరిపిస్తున్నారు. అతడు ఉద్యోగం మారినా, మాట పట్టింపు వచ్చినా, ఏళ్ల తరబడి కూడిన ఫొటోలూ, కొన్నవారి అభిప్రాయాలూ, చివరకు పేరూ అతని చేతిలో చిక్కుకుంటాయి. ఖాతా యజమాని వ్యాపారి స్వయంగా ఉండాలి. సహాయకునికి నిర్వాహక హోదా ఇస్తే పని సాగుతుంది. వెబ్ చిరునామా సైతం వ్యాపారి పేరు మీదనే కొనాలి. రెండంచెల భద్రత పెట్టుకోవాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీని ఎవరికీ చెప్పకూడదు. మోసపోయిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైన ప్రతి గంటా డబ్బు తిరిగి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది.

ఖాతా చేతిలో ఉన్నా, అందులో చెప్పే మాట నిజం కాకపోతే ఫలితం లేదు. కొట్టులో కొనేవారు దుప్పటిని చేత్తో తడిమి చూస్తారు, తెర మీద అది కుదరదు. కాబట్టి పొడవు, వెడల్పు అంగుళాలలో, బరువు గ్రాములలో రాయాలి. నూలా, కలనేతా చెప్పాలి. తొలి ఉతుకులో రంగు దిగేదైతే ఆ సంగతీ ముందే చెప్పాలి. ఎండలో తీసిన ఫొటోకు రంగులు పెంచి పెడితే ఒకటి అమ్ముడవుతుంది, అదే తిరిగి వస్తుంది. రానుపోను రవాణా ఖర్చులో లాభం కరిగిపోతుంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఇదే చెబుతున్నాయి. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కు తీసుకోనని వర్తకుడు నిరాకరించరాదు. కొన్నవానిలా నటించి తన సరుకు గురించి తానే అభిప్రాయాలు రాసుకోరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

చెడు అభిప్రాయం కనిపించగానే కోపం రావడం సహజం. అయితే ఆ జవాబు చదివేది రాసినవాడు ఒక్కడే కాదు. కొనాలా వద్దా అని తటపటాయించే మరెందరో చదువుతారు. ‘అంచు దగ్గర పోగు ఊడిందన్నారు. ఫొటో పంపండి, మార్చి ఇస్తాము’ అన్న రెండు వాక్యాలు పది పొగడ్తల కంటే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

పన్ను విషయంలోనూ చిన్నవారికి కొంత వెసులుబాటు ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి, వార్షిక అమ్మకాలు జీఎస్టీ పరిమితి దాటని వర్తకుడు పాన్ ఆధారంగా ఒక సంఖ్య పొంది, జీఎస్టీ నమోదు లేకుండానే ఈ-కామర్స్ వేదికల ద్వారా సరుకు అమ్మవచ్చు. కాని ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలోపలి అమ్మకాలకే. పుణేకు పంపవచ్చు, హైదరాబాదుకు కుదరదు. షోలాపూర్ తెలుగువారి సరుకుకు సహజమైన బజారు తెలంగాణ కనుక, సరిహద్దు దాటే ముందు పన్ను సలహాదారుని సంప్రదించడం తప్పనిసరి.

ఇవన్నీ ఒక్క రోజులో జరిగే పనులు కావు, ఒక్కరు చేయవలసినవీ కావు. లెక్కలు తెలిసిన కోడలు, ఫొటో తీయగల మనవడు, నూలు గుణం ఎరిగిన తాత ఒకే ఇంట్లో ఉన్నారు. ఈ నెలలో పేరు వెతికి చూసుకోవడం, అధీకృత వినియోగదారు దరఖాస్తు వేయడం, ఖాతాల యజమాన్యం ఎవరి చేతిలో ఉందో సరిచూసుకోవడం అనే మూడు పనులు పూర్తయితే మిగిలినవి క్రమంగా సాగుతాయి. టోకు వర్తకునితో తెగతెంపులు చేసుకోవలసిన అవసరమూ లేదు. వంద దుప్పట్లలో పది సొంత పేరుతో వెళ్లినా, మరుసటి ఏడు ధర మాట్లాడేటప్పుడు ఆ పది మిగిలిన తొంభై పక్షాన నిలుస్తాయి.