వీధిలో పటము తీయు విద్య



స్టూడియోలో పటము తీయించుకొనువాడు కదలక కూర్చుండును. వీధి ఎవరికొరకును నిలువదు. ఫ్రాన్సు దేశీయుడగు ఆన్రీ కార్టియే బ్రెసాన్ ఈ విద్యలో ఘనుడు. మొదట చిత్రలేఖన మభ్యసించి, పిమ్మట చేతి కిమిడెడి లైకా కెమెరా పట్టెను. దాని తళుకు జనుల కంటబడకుండ నల్లని పట్టీ అంటించెను.

1932లో పారిస్ నగరమున, సాన్ లజార్ రైలుస్టేషను వెనుక, పలకల కంచె సందునుండి ఆయన తీసిన పటము ప్రసిద్ధము. ఒకడు నిలువనీటిమీదుగా దూకుచున్నాడు. మడమ ఇంకను నీటిని తాకలేదు. వెనుక గోడమీది ప్రకటనలో నర్తకియు అట్లే ఎగురుచున్నది. ఎంత పొందిక! పటముల అంచులు కత్తిరించుట ఆయనకు గిట్టెడిది కాదు. ఇందు మాత్రము అడ్డువచ్చిన పలకను తొలగింపక తప్పలేదు.

అడిగి తీయబోయిన ఆ దూకు దక్కదు. అడుగక తీసిన, పరుని రూపమును అతడెరుగకయే గైకొన్నట్లగును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఇంతకును, తన ముఖమును ఇతరులు పటము తీయుట బ్రెసాన్‌కు ఇష్టముండెడిది కాదు.